ముప్ఫై ఏడు సెంటీమీటర్ల సూర్యుడు

ఆ ఏడాది చలికాలం మొదట్లోనే మా బడి సైన్సు టీచరు మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుంది. మూడు నెలలు మంచం దిగొద్దన్నారు డాక్టర్లు. హెడ్‌మేడమ్ స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి అందరి మొహాలూ ఒకసారి కలయజూసింది. నేను తల వంచుకుని నోటుబుక్కులు దిద్దుతున్నట్టు నటించాను. నటన కుదరలేదు.

"ఐదో తరగతి సైన్సు నువ్వు చూసుకో" అంది నా దగ్గరికొచ్చి.

"నేను పద్యాలు చెప్పుకునేదాన్ని మేడమ్. సైన్సుకీ నాకూ చిన్నప్పుడే చెడింది."

"ఈ టర్ములో మిగిలింది ఒక్క పాఠమే. గ్రహాలు. ఎనిమిది పేర్లు, ఒక బొమ్మ. పద్యంలాగే బట్టీ పట్టించెయ్."

అలాగే చేద్దామనుకున్నాను. మర్నాడు పొద్దున బోర్డు మీద పుస్తకంలో ఉన్న బొమ్మ వేశాను. ఒక చివర పెద్ద సూర్యుడు, ఆ పక్కన వరసగా ఎనిమిది ఉండలు, బస్సు కోసం క్యూలో నిలబడ్డట్టు. పిల్లలు గొంతెత్తి పేర్లు చదివారు. బుధుడు, శుక్రుడు, భూమి, అంగారకుడు, గురుడు, శని, యురేనస్, నెప్ట్యూన్. రెండుసార్లు చదివేసరికి సగంమందికి నోటికొచ్చేసింది. అమ్మయ్య, ఇంతేనా అనుకున్నాను.

రెండో బెంచీలోంచి చెయ్యి లేచింది. ఆ పిల్లని బడి మొత్తం "లాయరు" అని పిలిచేది. పిలిస్తే పలికేది కూడా.

"టీచర్, ఇవి ఇంత దగ్గర దగ్గరగా తిరిగితే ఒకదాన్నొకటి గుద్దుకోవా?"

"గుద్దుకోవమ్మా. దూరం దూరంగా ఉంటాయి."

"బొమ్మలో దగ్గరగానే ఉన్నాయిగా?"

"బోర్డు మీద చోటు చాలక అలా వేశాను."

"ఎంత దూరంలో ఉంటాయి?"

పుస్తకంలో ఉంది. చదివాను. "సూర్యుడి నుంచి నెప్ట్యూన్ నాలుగు వందల యాభై కోట్ల కిలోమీటర్లు."

"అంటే ఎంత?"

"అంటే..." అని ఆగిపోయాను. "చాలా."

"చాలా అంటే ఎంత టీచర్?"

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. అదే నన్ను ఇబ్బంది పెట్టింది. వెటకారమైతే కసిరి కూర్చోబెట్టేదాన్ని. "రేపు చెప్తాను" అన్నాను. రేపు చెప్తానన్న ప్రశ్నలు టీచర్లు ఎల్లుండికి మర్చిపోతారని పిల్లలకి తెలుసు. ఆ పిల్ల నోటుబుక్కు చివరి పేజీలో ఏదో రాసుకుంది. తర్వాత చూస్తే తారీకు వేసి మరీ రాసుకుంది: "టీచర్ చెప్పాలి. చాలా అంటే ఎంత."

మా ఇంట్లో అప్పుడు ముగ్గురం. మా ఆయన మందుల షాపులో పని చేసేవారు. మామయ్యగారు సర్వేయరుగా చేసి రిటైరయి ఆరేళ్లయింది. మనిషి తిన్నగా ఉంటారు, తిన్నగా నడుస్తారు, ఇంట్లో ఏ వస్తువూ వంకరగా ఉంటే ఓర్చుకోలేరు. గోడ మీద క్యాలెండరు ఒక పక్కకి ఒరిగితే అన్నం మధ్యలో లేచి సరిచేసి వచ్చి కూర్చునేవారు. మాట మాత్రం బంగారం. "ఊఁ", "వద్దు", "సరే" - రోజు మొత్తానికి ఈ మూడింటితో సరిపెట్టుకునేవారు. అలా కావడానికి కారణం ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ దాని ఊసెత్తేవాళ్లం కాదు.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మాటవరసకి అన్నాను. "మామయ్యా, నాలుగు వందల యాభై కోట్ల కిలోమీటర్లంటే ఎంతని చెప్పాలి పిల్లలకి?"

మా ఆయన నవ్వారు. "చాలా అని చెప్పు."

"చెప్పాను. ఒక పిల్ల ఒప్పుకోలేదు."

మామయ్యగారు చెయ్యి కంచంలోనే ఉంచి కాసేపు ఆలోచించారు. "ఎవరా పిల్ల?"

"ఉందిలెండి ఒక లాయరు."

"మంచి ప్రశ్న" అన్నారు. "అంత దూరం ఎవరి బుర్రలోనూ పట్టదమ్మాయ్. మనకి పట్టేంత చిన్నది చేసుకోవాలి. మ్యాపంటే అదే కదా. ఊరిని మడిచి జేబులో పెట్టుకోవడం."

అన్ని మాటలు ఒకేసారి విని నేనూ మా ఆయనా ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. చెయ్యి కడుక్కుని వచ్చాక ఆయనే అడిగారు. "తెల్లకాగితం ఉందా?"

రెండు రోజులు ఆ కాగితం ఆయన ముందు నుంచి కదల్లేదు. మూడో రోజు పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే చేతికిచ్చారు. ముత్యాల్లాంటి అక్షరాలు. మొదటి వరసలో సూర్యుడు, వెడల్పు ముప్ఫై ఏడు సెంటీమీటర్లు. ఆ లెక్కన బుధుడు గసగస గింజంత, పదిహేను మీటర్ల దూరంలో. భూమి చిన్న గాజుపూసంత, నలభై మీటర్లకి ఒక పిసరు తక్కువ. అంగారకుడు ఆవగింజ. గురుడు చిన్న నిమ్మకాయంత, రెండు వందల ఏడు మీటర్లు. అలా దిగుతూ పోతే చివర నెప్ట్యూన్, గోలీ అంత, పదకొండు వందల తొంభై నాలుగు మీటర్లు.

"ఇది బోర్డు మీద వెయ్యడానికి కాదు" అన్నారు. "నడవడానికి. బడి గేటు దగ్గర సూర్యుణ్ణి పెట్టి పెద్దరోడ్డు వెంట నడిపించు. కాళ్లకి తెలిసింది మర్చిపోరు."

"ఆ కొలతలు నేనెక్కడ కొలవగలను మామయ్యా? మీరొస్తే తప్ప."

"ఊఁ" అన్నారు ఆయన. అది సరే అన్న ఊఁ అని నాకు మధ్యాహ్నానికి గాని అర్థం కాలేదు. లంచ్ బెల్లు కొట్టేసరికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో ముప్ఫై మీటర్ల టేపుతో బడి గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

ఆ రోజు నుంచి మా ఐదో తరగతి కొలతల పిచ్చిలో పడింది. మామయ్యగారు ఆడుకునే స్థలంలో టేపు పరిచి ఒక్కొక్కళ్లనీ దాని వెంట మూడేసిసార్లు నడిపించారు. ముప్ఫై మీటర్లకి ఎన్ని అడుగులు పడ్డాయో లెక్కపెట్టించి, ఎవరి అడుగు ఎంతో వాళ్ల చేతే భాగహారం చేయించారు. "నీ అడుగు నీకు తెలిస్తే ఇక నీకు టేపుతో పనిలేదు, నువ్వే టేపు" అన్నారు. పిల్లలు మరుగుదొడ్డికి వెళ్లేటప్పుడు కూడా లెక్కపెట్టుకుంటూ వెళ్లేవాళ్లు. నేనూ నడిచాను. నావి నలభై ఎనిమిది అడుగులు పడ్డాయి.

గ్రహాలు పంచే రోజు చిన్న గొడవ జరిగింది. శని చీటీ వచ్చిన పిల్లాడు ఏడుపు మొహం పెట్టాడు.

"నాకు శని వద్దు టీచర్."

"ఏం నాన్నా?"

"ఇంట్లో మా నాన్న నన్ను రోజూ అదే అంటాడు. ఇప్పుడు బళ్లో కూడానా?"

క్లాసు గొల్లుమంది. మామయ్యగారు మాత్రం నవ్వలేదు. వాణ్ణి పక్కకి పిలిచి పుస్తకంలో బొమ్మ చూపించారు. "ఈ ఎనిమిదింట్లో నన్నొకటి ఏరుకోమంటే నేను దీన్నే ఏరుకుంటాను. చూడు, దీనికి తప్ప ఇంకెవరికైనా ఇంత అందమైన పట్టీ ఉందా?" వాడు ముక్కు ఎగబీల్చి చూశాడు. మర్నాడు పాత సీడీ మధ్యలో రబ్బరు బంతి ఇరికించి తెచ్చాడు. "మా నాన్నకి చూపించాను" అన్నాడు గర్వంగా.

సూర్యుడి దగ్గరే పేచీ వచ్చింది. పిల్లలు ఫుట్‌బాల్ తెచ్చి బల్ల మీద పెట్టారు. చక్కగా పసుపురంగు కూడా వేసుకొచ్చారు.

"ఇది కుదరదు" అన్నారు మామయ్యగారు. "ఇది ఇరవై రెండు సెంటీమీటర్లే. మనకి ముప్ఫై ఏడు కావాలి."

ముప్ఫై ఏడు సెంటీమీటర్ల బంతి ఊళ్లో ఎక్కడా దొరకలేదు. దాంతో బెలూన్ ఊది, దాని మీద పాత పేపర్లు జిగురుతో పొరలు పొరలుగా అతికించి సూర్యుణ్ణి తయారుచెయ్యాల్సొచ్చింది. క్లాసులో అందరి మోచేతుల దాకా జిగురే. ఆ పని మధ్యలో లాయరు నా పక్కకి వచ్చి నిలబడింది.

"టీచర్, ఒకటి అడగనా?"

"అడక్కపోతే నీకు నిద్ర పడుతుందా?"

"ఫుట్‌బాల్ పెట్టినా లెక్క సరిపోతుంది కదా? సూర్యుడు చిన్నదైతే దూరాలు కూడా చిన్నవవుతాయి, అంతేగా. నెప్ట్యూన్ ఏడు వందల పది మీటర్లు వచ్చింది నాకు. మరి తాతగారు ముప్ఫై ఏడే కావాలని ఎందుకంటున్నారు?"

నాకు తెలీదన్నాను. నిజంగానే తెలీదు. కానీ ఆ ప్రశ్న నా వెనకే ఇంటికొచ్చింది. నలభై పెట్టుకోవచ్చు, యాభై పెట్టుకోవచ్చు, చివర సున్నా ఉన్న అంకె అయితే లెక్క సులువు కూడా. లెక్కల మనిషి కోరి కోరి ముప్ఫై ఏడు పట్టుకున్నారంటే ఆ అంకె మొదట పుట్టింది కాదు, ఇంకెక్కడి నుంచో వచ్చింది. మామయ్యగారు పక్కన పడేసిన చిత్తుకాగితం తిరగేశాను. ఆయన లెక్క సూర్యుడి దగ్గర మొదలవలేదు. అన్నిటికంటే ముందు, కాగితం నెత్తిన, 1194 అని రాసి గీత గీసి ఉంది. దాన్ని మూడు వేల రెండు వందల ఇరవై ఎనిమిదితో, అంటే నెప్ట్యూన్ దూరం సూర్యుడి వెడల్పుకి ఎన్ని రెట్లో ఆ అంకెతో, భాగించారు. వచ్చింది ముప్ఫై ఏడు సెంటీమీటర్లు.

నెప్ట్యూన్ దూరాన్ని ముందు పెట్టుకుని, దానికి సరిపడా సూర్యుణ్ణి కొలిచారన్నమాట.

ఆదివారం పొద్దున కూరగాయలకని చెప్పి సంచీ పట్టుకుని బయల్దేరాను. బడి గేటు దగ్గర నిలబడి మొదలుపెట్టాను. నా అడుగున వెయ్యిన్నీ తొమ్మిది వందల పది పడాలి. ఆ రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది, ఎక్కడా వంపు లేదు. లెక్క తప్పుతుందని దారిలో పలకరించినవాళ్లకి తలూపి ఊరుకున్నాను. నాకేదో మొహం చెల్లక పోతున్నాననుకుని ఉంటారు. మంగలిషాపు దాటాక, సైకిళ్ల షాపూ ఇస్త్రీ షాపూ దాటాక, వెయ్యిన్నీ తొమ్మిది వందల ఎనిమిది, తొమ్మిది, పది అని ఆగి తలెత్తాను.

మా వదిన బైండింగు షాపు గుమ్మం.

మా వదిన, అంటే మా ఆయన అక్క, బల్ల దగ్గర కూర్చుని ఏదో లావుపాటి పుస్తకం వీపుకి జిగురు పూస్తోంది. ఆ షాపు ముందుగోడకి ఆరేళ్లయినా గిలాబా లేదు, ఇటుకలు పళ్లికిలించినట్టు కనపడతాయి. లోపల కోతమిషను గది మధ్యలో ఉంటుంది, పక్కకి తిరిగితే గాని మనిషి పట్టడు.

"ఏంటీ, పొద్దున్నే? అలా నిలబడిపోయావేం? లోపలికి రా" అంది.

"వెడల్పాటి అట్టలు కావాలి వదినా. ఎనిమిది. పిల్లలకి గ్రహాల పాఠం, పేర్లూ దూరాలూ రాయాలి." జరుగుతున్నదంతా చెప్పాను. గేటు దగ్గర సూర్యుడు, రోడ్డు వెంట నడక, కొలతలు.

"భలే ఉందే! ఎవరు చెప్పారు నీకీ లెక్కలు?"

"మామయ్యగారు."

బ్రష్ ఆగింది. మళ్లీ కదిలింది. "ఊఁ" అంది, అచ్చం తండ్రిలాగే.

కాసేపటికి తనే అంది, తలెత్తకుండా. "రోడ్డు వెడల్పు చేసినప్పుడు గీత నాలుగడుగులు అవతలికి జరపమన్నాను నేను. ఎదురుగా ఎవరూ లేని ఖాళీస్థలం, దాని గోడ ఆ నాలుగడుగులు లోపలికి జరిపితే అడిగే దిక్కు లేదు. నా ముందుగది సగం మిగిలేది. కన్నకూతురు షాపు కదా అని చూస్తారనుకున్నాను. వచ్చారు, టేపు పెట్టారు, నా గోడకి ఎర్ర గీత గీశారు, వెళ్లిపోయారు. లోపల నేనున్నానా చచ్చానా అని కూడా చూళ్లేదు."

ఆ రోడ్డు వెడల్పు చేసేదాకా ఆ తండ్రీకూతుళ్లు రోజుకి రెండుపూటలా మాట్లాడుకునేవాళ్లు. ఆ తర్వాత వదిన మా గడప తొక్కలేదు. మామయ్యగారు ఈ రోడ్డు తొక్కలేదు. పార్కుకి వెళ్లాలన్నా సందులన్నీ చుట్టి వెళ్లేవారు. మా ఆయన షాపు నుంచి వస్తూ అక్కని చూసి, ఆ సంగతి ఇంట్లో చెప్పకుండా కడుపులో పెట్టుకునేవారు.

వదిన అట్టలు కోసి, అంచులకి గుడ్డ కూడా అతికించి ఇచ్చింది. "వంకరగా ఉన్నాయంటే నా పరువు పోతుంది, ఆయనసలే చూస్తారు" అంది.

ఆ సాయంత్రం మామయ్యగారు కిటికీ దగ్గర పేపరు చదువుతున్నారు. నేను అట్టలు బల్ల మీద పెట్టాను. ఆయన ఒకటి తీసి, అంచు మీద బొటనవేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివరకి లాగారు. ఎక్కడివని అడగలేదు.

"లెక్క సరిచూశావా అమ్మాయ్?"

"చూశాను మామయ్యా. నడిచి చూశాను."

"సరిపోయిందా?"

"సరిపోయింది. గుమ్మం దాకా."

ఆయన పేపరు మడిచారు. మడత మీద మడత వేసి, అది అరచేతిలో పట్టేంత అయ్యేదాకా మడుస్తూనే ఉన్నారు. అంతే.

నడక శనివారం పొద్దున. హెడ్‌మేడమ్ రోడ్డు మీద పిల్లలు అనగానే బెంబేలెత్తిపోయింది గాని, పిల్లల్ని పేవ్‌మెంట్ దిగనివ్వనని నా చేత ముచ్చటగా మూడుసార్లు ఒట్టు పెట్టించుకుని ఒప్పుకుంది. పిల్లలు ముప్ఫై రెండుమంది, గ్రహానికి నలుగురు, ఎవరి గ్రహం దగ్గర వాళ్లు ఆగిపోవాలి. మంచు ఇంకా పూర్తిగా విడవలేదు. సూర్యుణ్ణి గేటు కమ్మీకి వేలాడదీశాం. రాత్రంతా ఆరి, పసుపురంగుతో మెరిసిపోతున్నాడు.

మామయ్యగారు టేపు విప్పబోతుంటే లాయరు దారంతో ప్రత్యక్షమైంది. సూర్యుడి నడుం చుట్టూ దారం తిప్పి, స్కేలు మీద కొలిచి, నోటుబుక్కులో గబగబా భాగహారం చేసింది.

"తాతగారూ, ఇది ముప్ఫై ఏడు లేదు. ముప్ఫై ఆరు పాయింట్ ఏడే ఉంది."

"ఏదీ?" ఆయన మళ్లీ కొలిచారు. నిజమే. ఆరేటప్పుడు కాగితం బిగుసుకుపోయి కుంచించుకుంది. మూడు మిల్లీమీటర్లు.

నేను మనసులో లెక్క వేసుకున్నాను. ఆ మూడు మిల్లీమీటర్లు రోడ్డు చివరకి వెళ్లేసరికి పది మీటర్లు. వదిన గుమ్మానికి రెండు షాపుల ఇవతల. దగ్గరికి జరిగి ఆయనకి మాత్రమే వినపడేట్టు అన్నాను. "మామయ్యా, పది మీటర్లే కదా. ఉన్న కొలతలతోనే పోదాం. ఎవరికి తెలుస్తుంది?"

ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. అలసట లాంటిదేదో ఉంది. "ఆ పిల్ల కొలిచిందమ్మా" అన్నారు.

గేటు పక్క అరుగు మీద కూర్చుని ఎనిమిది అట్టల మీదా అంకెలు కొట్టేసి కొత్తవి రాశారు. చివరి అట్ట మీద పదకొండు వందల తొంభై నాలుగు కొట్టేసి పదకొండు వందల ఎనభై నాలుగు అని రాసేటప్పుడు పెన్సిల్ ఒకసారి ఆగింది. రాశారు.

బయల్దేరాం. మొదటి నాలుగు గ్రహాలూ అరవై మీటర్లలో అయిపోయాయి. గాజుపూస చేతిలో పెట్టుకుని "మన బడీ, మన ఇళ్లూ, సముద్రాలూ అన్నీ ఇందులోనేనా?" అని ఒక పిల్ల పదే పదే అడిగింది. అంగారకుడి ఆవగింజ జారి కిందపడితే నలుగురూ నేలమీద పాకి వెతికారు, దొరకలేదు, ఇంకోటి పెట్టాం. అక్కణ్ణుంచి గురుడి దగ్గరికి నడుస్తుంటే మాటలు తగ్గాయి. శని వచ్చేసరికి కాళ్లు లాగడం మొదలైంది. "ఇంకా అయిపోలేదా?" అన్నారు కొందరు. శని పిల్లాడు తన సీడీని ఎత్తి పట్టుకుని పోలీసులా నిలబడ్డాడు. యురేనస్ దాకా ఖాళీ రోడ్డే. ఏమీ లేదు, ఏమీ లేదు, ఇంకా ఏమీ లేదు. అందులో ఒకడు "ఇన్ని కోట్ల కిలోమీటర్లలో ఏమీ లేకపోతే అది ఎందుకుంది మరి?" అన్నాడు. నాకు తెలిసిన ఏ పద్యంలోనూ దానికి జవాబు లేదు.

యురేనస్ మంగలిషాపు ముందు పడింది. అక్కడ మామయ్యగారు టేపు చుట్టేసి నా చేతికిచ్చారు.

"ఇక్కణ్ణుంచి మీరు వెళ్లండి. నాకు ఆయాసంగా ఉంది." షాపు ముందు బల్ల మీద కూర్చున్నారు. ఆయాసమేమీ లేదు. చేతులు మాత్రం మోకాళ్లని గట్టిగా పట్టుకుని ఉన్నాయి.

లాయరు నెప్ట్యూన్ గోలీ గుప్పిట్లో పెట్టుకుని ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది.

"తాతగారూ, మీరు రాకపోతే కొలత తప్పుతుంది."

"టీచర్ కొలుస్తుందిలే."

"టీచర్ టేపు వదులుగా పడతారు. పొద్దున్నుంచి చూస్తున్నాను."

నా పరువు అక్కడికక్కడ తీసేసింది గాని, ఆయన లేచారు. టేపు తీసుకున్నారు. మిగిలిన నాలుగు వందల పైచిలుకు మీటర్లూ ఒక్కసారి కూడా తల పైకెత్తలేదు. వంగడం, గుర్తు పెట్టడం, లేవడం, నడవడం. సైకిళ్ల షాపు గుమ్మం దగ్గర టేపు చివర ఆగింది. ఆయన సుద్దముక్కతో పేవ్‌మెంట్ మీద అడ్డంగా గీత గీశారు. లాయరు గోలీని గీత మీద పెట్టింది.

అప్పుడు అందరం వెనక్కి తిరిగి చూశాం. అంత పెద్ద సూర్యుడు, మోచేతుల దాకా జిగురు పూసుకుని చేసిన సూర్యుడు, రోడ్డు చివర ఒక పసుపు చుక్క. ఉందా లేదా అన్నట్టు. అక్కడ నిలబడ్డ నలుగురు పిల్లలూ కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూశారు.

"అక్కడి నుంచి ఇక్కడికి ఎండ వస్తుందా?" గుసగుసగా అడిగింది లాయరు.

"వస్తుంది" అన్నారు మామయ్యగారు. "నాలుగు గంటలు పడుతుంది."

"వచ్చేసరికి ఏం మిగులుతుంది?"

రెండు షాపుల అవతల మా వదిన గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. చేతులకి జిగురు. ఎంతసేపటి నుంచి చూస్తోందో తెలీదు. గోలీ ఉన్న చోటు చూసింది, తన గుమ్మం చూసుకుంది. నేను వివరంగా చెప్పాల్సిన పనేమీ పడలేదు. అదే తండ్రి కూతురు, దూరం చూసి కొలవగలదు. అయినా లాయరు ఊరుకోదుగా.

"అసలు మీ షాపు దగ్గరికే రావాలండీ. సూర్యుడు కుంచించుకుపోయాడు. అందుకని తాతగారు లెక్కలన్నీ మళ్లీ రాశారు."

వదిన మెట్లు దిగింది. ఆ పది మీటర్లూ నడిచి వచ్చి సుద్దగీత ముందు ఆగింది.

"పది మీటర్లు జరిపితే మీ సొమ్మేం పోయింది నాన్నా?"

ఆయన గీతనే చూస్తూ అన్నారు. "జరపకూడదమ్మా."

"కావాలనే నా షాపుకి లెక్క కట్టుకుని, ఇంతదూరం నడిచొచ్చి, చివర్లో కూడానా?"

"చివర్లో అయినా."

వదిన ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది. నవ్వు మొదలయ్యాక ఆపుకోలేక జిగురు చేతులు రెండూ దూరంగా పెట్టుకుని, ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. "మీరు మారరు" అంది. "నామీద కోపంతో గీశారనుకున్నానిన్నాళ్లూ. ఏం లేదు. మీరింతే!"

"కోపమా?" ఆయన అప్పుడు తలెత్తారు. నిజంగా ఆశ్చర్యపోయారు. "నీ మీద నాకు కోపమెందుకమ్మా? ఆ రోజు గీత గీసి, లోపలికి చూడ్డానికి మొహం చెల్లలేదు."

పిల్లలు ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నారు. లాయరు నోరు తెరిచింది. నేను ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేశాను. జీవితంలో మొదటిసారి ఒక ప్రశ్న మింగేసింది.

"మంచినీళ్లు తాగుతారా పిల్లలూ?" అంది వదిన. "లోపలికి రండి. ఒకళ్ల వెనక ఒకళ్లు, పక్కకి తిరిగి. చోటు లేదు." చివరి మాట అని తండ్రి వైపు చూసింది. ఆయన కూడా పక్కకి తిరిగి లోపలికి వెళ్లారు.

లోపల పిల్లలు కోతమిషను చుట్టూ మూగారు. వాళ్ల నోటుబుక్కుల్లో రాసుకున్న కొలతలన్నీ కలిపి ఒక పుస్తకంగా కుట్టిస్తానంది వదిన. ఎవరి పేజీ ముందుండాలని మళ్లీ గొడవ. శని వాడైతే ఎలాగూ అక్కడ లేడు, శని దగ్గరే నిలబడి ఉన్నాడు పాపం. పదిన్నరకి బెల్లు కదా అని నేను పిల్లల్ని వెనక్కి మళ్లించాను. దారిలో ఒక్కో గ్రహాన్నీ ఏరుకుంటూ బడికి చేరాం. మామయ్యగారు మాతో రాలేదు. పుస్తకానికి అట్ట కొలవాలన్నారు.

సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి గుమ్మంలో షూ విప్పుకుంటూ, ఖాళీగా ఉన్న కిటికీ పక్క కుర్చీ చూశారు.

"నాన్న ఏరీ?"

"మధ్యాహ్నం భోజనానికి కూడా రాలేదు" అన్నాను. "వదిన షాపులో ఉన్నారు."

ఆయన ఒక షూ విప్పి చేత్తో పట్టుకుని అలాగే కాసేపు కూర్చున్నారు. తర్వాత దాన్ని మళ్లీ తొడుక్కుని, లేసు కూడా కట్టుకోకుండా, పెద్దరోడ్డు వైపు నడిచారు.